ఒక్క నిమిషం, ప్లగ్గు చూసొస్తా

మా బావకు ఒక్కటే జబ్బు. ఇంజను కనపడితే చాలు, దాని స్పార్కు ప్లగ్గు విప్పి చూడాలి. అది తన బండా, పరాయి బండా, ఆగి ఉందా, ఇప్పుడే బయల్దేరబోతోందా, లోపల ఎవరైనా కూర్చుని గడియారం చూసుకుంటున్నారా అన్నవేవీ ఆయన పట్టించుకోడు. "ఒక్క నిమిషం, ప్లగ్గు చూసొస్తా" అంటాడు. ఆ ఒక్క నిమిషం ఎంతసేపుంటుందో నేను ఇంతవరకూ పూర్తిగా చూడలేదు. సగంలోనే విసుగొచ్చి, దిగి బస్సెక్కేస్తాను.

ఆయన అసలు పేరు డ్రైవింగు లైసెన్సు మీద ఉంది గానీ, దాని మీద ఇంజనాయిలు పడి చాలాకాలమైంది. వీధి వీధంతా ఆయన్ని ప్లగ్గు బావ అంటుంది. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాడైన మందుల షాపాయన కూడా "ఏం ప్లగ్గు బావా" అనే పలకరిస్తాడు. నాకు మాత్రం ఆయన నిజంగానే బావ, మా అక్క మొగుడు. కాబట్టి వీధివాళ్ళకు నవ్వే హక్కొక్కటే ఉంటే నాకు తిట్టే హక్కు కూడా ఉంది. దాన్ని నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు.

నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తాను. తొమ్మిదింటికి వెళ్ళి తాళం తీయాలి. బావ వర్క్‌షాపు ఆ దారిలోనే గనక రోజూ తన కార్లో దింపుతానంటాడు. నేనూ బుద్ధి లేక రోజూ ఎక్కుతాను.

"బావా, ఎనిమిదీ నలభై అయింది."

"విన్నావా?"

"ఏంటి వినేది?"

"మూడో సిలిండరు. కొంచెం నసిగింది."

"నసుగుతున్నది నేను. పోనీ!"

"ఒక్క నిమిషం, ప్లగ్గు చూసొస్తా."

బానెట్టు లేస్తుంది. నాకు రోడ్డు కనపడదు, బావ కనపడడు, గొంతు మాత్రం వినపడుతుంది. "మీ డాక్టరుకీ నాకూ పెద్ద తేడా లేదే మరదలా. ఆయన నోట్లోంచి పీకుతాడు, నేను ఇంజన్లోంచి పీకుతాను. నేనైతే మళ్ళీ అదే పెడతాను కూడా." వెనక బస్సు హారన్ కొడుతుంది. నేను పరుగున వెళ్ళి ఆ బస్సే ఎక్కుతాను. క్లినిక్కు మెట్ల మీద డాక్టరుగారు తాళం లేక నిలబడి ఉంటారు. ఆయన మంచివాడు, ఎందుకు ఆలస్యమైందని అడగరు. "ఈరోజు మూడో సిలిండరా?" అంటారంతే.

ఆయనకూ బావ దెబ్బ తగిలింది లెండి. ఒకరోజు నన్ను తీసుకెళ్ళడానికొచ్చిన బావ, క్లినిక్కు ముందు ఆగిన డాక్టరుగారి కారు చూశాడు. చూస్తే ఊరుకుంటాడా! డాక్టరుగారు చేతులు కడుక్కుని బయటికొచ్చేసరికి ఆయన ప్లగ్గు బావ చేతిలో ఉంది.

బావ లెక్కలో ప్లగ్గు అబద్ధం చెప్పదు. దాని మొన తెల్లగా సున్నం కొట్టినట్టుంటే ఇంజను కాగిపోతోందని. నల్లగా మసిబారితే పెట్రోలు సరిగ్గా కాలడం లేదని. లేత బిస్కెట్టు రంగులో ఉంటే ఇంజను నిక్షేపంలా ఉందని. అంతవరకైతే ఏ మెకానిక్కయినా చెబుతాడు. బావ అక్కడితో ఆగడు.

"డాక్టరుగారూ, మీరు తిన్నగా ఇంటికెళ్ళడం లేదు" అన్నాడు ప్లగ్గు వైపే చూస్తూ.

"ఏంటీ?"

"మసి చూడండి. రోజూ రెండో గేరులో నెమ్మదిగా ఇంటి చుట్టూ నాలుగైదు చుట్లు కొడుతున్నారు. ఇంటికి ఎవరైనా వచ్చారా?"

డాక్టరుగారు నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. "మా అత్తగారు" అన్నారు చివరికి, చాలా చిన్న గొంతుతో. ఆ తరువాత ఆయన కారు పక్క సందులో పెట్టుకుంటున్నారు.

ప్లగ్గు తరువాత బావ మాట్లాడేది గ్యాపు గురించి. ప్లగ్గు చివర రెండు చిన్న ఇనుప మొనల మధ్య సన్నటి సందు ఉంటుంది, గోరంత మందం కూడా ఉండదు. నిప్పురవ్వ ఆ సందులోనే దూకాలి. దాన్ని కొలవడానికి పలచటి ఉక్కు రేకుల గుత్తి ఒకటి బావ చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. దాంతో ఆయన కొలవనిది లేదు. మా తలుపు చట్రం కొలిచాడు. నా ముందు పళ్ళ మధ్య సందు కూడా కొలవబోయాడు, వేలు కొరికాను.

"గ్యాపుండాలే మరదలా. దగ్గరైతే నిప్పు రాదు, దూరమైతే నిప్పు దూకదు." పక్కింటి మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నా ఇదే చెబుతాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని చుట్టాలు నన్నడిగినా నా తరఫున ఇదే చెబుతాడు. వాళ్ళకు అర్థంకాక ఊరుకుంటారు, ఆ ఉపకారం మాత్రం మరచిపోలేను.

ఇంట్లో మా అక్క పరిస్థితి వేరే చెప్పాలా? చెంచాల సొరుగులో సగం చెంచాలు, సగం ప్లగ్గులు. కడిగిన గిన్నెల పక్కన కడిగిన ప్లగ్గులు బోర్లించి ఉంటాయి. ఒకసారి నేను టీలో చక్కెర కలపబోయి ప్లగ్గుతో కలిపాను.

"నువ్వెలా భరిస్తున్నావే ఈ మనిషిని?" అని అడిగాను.

"మనిషి కుదురుగా ఒకచోట కూర్చుంటేగా భరించడానికి" అంది అక్క. నిజమే, బావ కుర్చీలో సగమే కూర్చుంటాడు. మిగతా సగం లేవడానికి సిద్ధంగా ఉంటుంది. కుడికాలు ఆడుతూనే ఉంటుంది. వీధిలో ఏదైనా బండి దగ్గిందంటే చేతిలో గ్లాసు టేబులు మీద ఉంటుంది, మనిషి గేటు బయట ఉంటాడు.

ఇక మా నాన్న. ఆయన నలభై ఏళ్ళు టాక్సీ నడిపాడు. ఇప్పటికీ ఆయన పాత కారు మా షెడ్డులో ఉంది, మీగడ రంగుది, పెద్ద మొహంది. దాని స్టీరింగు ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే, కానీ వేరేవాళ్ళ కారు అడిగి తెచ్చి దాంట్లో నేర్పాడు. అలాంటి కారు బానెట్టు లోపలికి మాత్రం బావను రానిచ్చాడు. ఎందుకంటే వీధిలో ప్లగ్గు గురించి గంటసేపు వినగలిగే ఓపిక మా నాన్నకొక్కడికే ఉంది. మావగారూ అల్లుడూ అలా కుదిరారు.

రానిస్తే బావ ఊరుకుంటాడా? కంపెనీవాళ్ళు పెట్టిన స్పార్కు ఏర్పాటు ముసలిదైపోయిందని పీకేశాడు. మొదట పడవ ఇంజన్లోంచి తీసిన మాగ్నెటో తగిలించాడు, బ్యాటరీ అక్కర్లేకుండా తనే కరెంటు పుట్టిస్తుందట. పుట్టించింది, నాన్న తలుపు పిడి పట్టుకున్నప్పుడు. తరువాత నాలుగు మొనల ప్లగ్గులన్నాడు. ఆ తరువాత నాలుగు ప్లగ్గులకూ నాలుగు కాయిళ్ళన్నాడు. చివరికి ఒక బిస్కెట్టు డబ్బాలో ఏవేవో అతికించి తెచ్చాడు. "ఇది కరెంటు దాచుకుని దాచుకుని ఒక్క దెబ్బలో వదుల్తుంది మామయ్యా. తడిసిన ప్లగ్గయినా అంటుకోవాల్సిందే."

నిజం చెప్పొద్దూ, అంటుకుంది. కారు ఒక్క తిప్పుకే లేచింది. దాంతోపాటు వీధి కూడా లేచింది. ఆ డబ్బా స్పార్కు ఎంత జోరుగా ఉండేదంటే, చుట్టూ పది ఇళ్ళల్లో రేడియోలు గరగరమనేవి. నాన్నకు అరచేతంత రేడియో ఒకటి ఉంది, పక్కలో పెట్టుకుని పడుకునేంత ప్రాణం దానిమీద. కార్లో కూర్చున్నా అది ఒళ్ళోనే ఉంటుంది. ఆయన తాళం తిప్పగానే దాంట్లో పాడుతున్నావిడ గొంతు పెనంలో నూనెలా చిటపటలాడేది. మందుల షాపాయన పరుగెత్తుకొచ్చేవాడు.

"ప్లగ్గు బావా, వార్తలొచ్చే టైముకు మీ కారు ఆపుకోవయ్యా! రేపు వాన పడుతుందా లేదా అన్న మాట దగ్గరే గరగరమంది."

"పడుతుందని గొడుగు తీసుకెళ్ళు, సరిపోతుందిగా" అన్నాడు బావ.

ఆరు నెలల కిందట ఆ కారు వీధి మలుపులో పోస్టు డబ్బాను గుద్దింది. నాన్న నడుపుతున్నాడు, బావ పక్కన ఉన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కారు ముందు రెక్క సొట్టపడింది, పోస్టు డబ్బా పక్కకు వాలింది. ఇంటికి రాగానే బావ నోరు తెరిచాడు.

"తప్పు నాదే. డబ్బాలో స్పార్కు ఎక్కువైపోయి కారు ఒక్కసారిగా దూకింది. మామయ్య ఏం చేస్తారు పాపం!"

అక్క రెండురోజులు దులిపేసింది. మూడోరోజు నేను అందుకున్నాను. నాన్న మాత్రం ఒక్క మాట అనలేదు. తన కారుకు గీత పడితే వీధి ఏకం చేసే మనిషి, రేడియో పట్టుకుని లోపలికెళ్ళిపోయాడు.

పోస్టు డబ్బాను గుద్దిన మర్నాటి నుంచి కారు కదలడం మానేసింది. ఆరు నెలలుగా ఇదే తంతు. ప్రతి ఆదివారం సాయంత్రం నాన్న తలదువ్వుకుని డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. ఒళ్ళో రేడియో. బావ బానెట్టు కింద.

"కొట్టండి మామయ్యా!"

నాన్న తాళం తిప్పుతాడు. గిర్రు, గిర్రు, గిర్రు. ఆ గిర్రుల మధ్య రేడియోలో పాట హాయిగా సాగిపోతుంటుంది. ఇంజను మాత్రం ఉలకదు, పలకదు.

"ఒక్క నిమిషం, ప్లగ్గు చూసొస్తా. ఆఁ, ఇప్పుడు కొట్టండి!"

గిర్రు, గిర్రు.

"ఇవాళ్టికి చాల్లే అల్లుడూ" అంటాడు నాన్న. "వచ్చే వారం చూద్దాం."

మంచి కారును పాడుచేశాడని వీధంతా బావను ఏడిపించింది. పిల్లలు కూడా గిర్రు గిర్రుమంటూ ఆయన వెంటపడేవాళ్ళు. బావ నవ్వేసేవాడు.

ఈ ఆరు నెలల్లో ఆయన పిచ్చి ఇంకో మెట్టెక్కింది. వీధిలో నడిచేటప్పుడు మావగారి చెయ్యి పట్టుకోవడం మొదలుపెట్టాడు. నలభై రెండేళ్ళ మనిషి! "మామయ్యా, నా చెయ్యి వదలకండి. బండ్లు చూస్తూ ఎక్కడ ఏ గోతిలో పడతానో" అంటాడు. నాన్న నవ్వుకుంటూ పట్టుకుంటాడు. ప్లగ్గులు కొనాలని, రేకులు కొనాలని వారానికోసారి ఇద్దరూ అలా చేతులు పట్టుకుని ఎటో వెళ్ళొస్తారు. ఒకరోజు బట్టల షాపు ముందు కోటు తొడిగి నిలబెట్టిన బొమ్మకు నాన్నా బావా ఇద్దరూ నమస్కారం పెట్టడం నేను కళ్ళారా చూశాను.

"ఆయన పలకలేదేం అల్లుడూ?"

"ఏదో ఆలోచనలో ఉన్నాడు మామయ్యా. పదండి."

నేను ఇంటికెళ్ళి అక్కతో చెప్పాను. "నీ మొగుడు తను చెడింది కాక నాన్నను కూడా చెడగొడుతున్నాడు. ఇద్దరూ కలిసి బొమ్మకు దండం పెట్టారే!" అక్క నవ్వి నవ్వి కూలబడింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంతలో టాక్సీ డ్రైవర్ల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. సంఘం పెట్టి యాభై ఏళ్ళయిందట. ఆదివారం పాత టాక్సీలు నలభై, స్టేషను దగ్గర్నుంచి మైదానం దాకా ఊరేగింపుగా వెళతాయి. అందరికంటే పెద్ద డ్రైవరు కారు ముందు నడవాలి. ఆ పెద్ద డ్రైవరు మా నాన్న.

ఆ రోజు నుంచి నాన్నకు కుదురు లేదు, నాకు కుదురు లేదు. నాన్న తెల్ల యూనిఫారం చొక్కా పెట్టెలోంచి తీయించాడు. గుండీలు తోమించాడు. రోజూ షెడ్డులోకెళ్ళి కారు మొహాన్ని గుడ్డతో తుడిచి వచ్చేస్తాడు. ఆ కారు నడవకపోతే నాన్న ఆ ఉదయం ఎవరి కార్లోనో వెనక సీట్లో ప్రయాణికుడిలా కూర్చుని వెళ్ళాలి. ఆ మాట అనుకోవడానికే నాకు మనసొప్పలేదు.

"బావా, ఆదివారానికి కారు నడవాలి" అన్నాను.

"ఆదివారమంటే, ఈ ఆదివారమేనా?"

"కాదు, వచ్చే జన్మలో ఆదివారం!"

"చూద్దాంలే. ఇంకొంచెం మెరుగుపరచాలి."

"మెరుగూ వద్దు, తరుగూ వద్దు. పాతవన్నీ పెట్టెయ్. నడవకపోయిందో, నీ ప్లగ్గులన్నీ మూటకట్టి పాత ఇనుపవాడికి వేసేస్తాను."

బావ కుర్చీలోంచి సగం లేచాడు. రెండు కాళ్ళూ ఆడుతున్నాయి. ఆ వారమంతా ఆయన సరిగ్గా తినలేదు. గిన్నె ముందు కూర్చుని లేచిపోయేవాడు. ఎవరి కారు పక్కన ఆగినా ప్లగ్గు విప్పలేదు. రోజూ తొమ్మిదికి అయిదు నిమిషాల ముందే నేను క్లినిక్కు చేరాను. "మీ బావగారికి ఒంట్లో బాగా లేదా?" అని అడిగారు డాక్టరుగారు, నిజంగానే కంగారుపడుతూ.

శుక్రవారం దాకా ఓపిక పట్టాను. శనివారం పొద్దున బావ నాన్నను గడ్డం చేయించడానికి తీసుకెళ్ళాడు. వాళ్ళు మలుపు తిరగ్గానే నేను ఎదురు సందులో మెకానిక్కును పిలుచుకొచ్చాను. ఆయనకూ బావకూ పడదు. తన షాపులో బాగుచేసి పెట్టిన కారుకు బావ వెళ్ళి ప్లగ్గు విప్పి చూశాడని రెండేళ్ళుగా కోపం. అందుకే ఎగురుకుంటూ వచ్చాడు.

బానెట్టు ఎత్తాడు. బిస్కెట్టు డబ్బా మూత తీసి లోపలికి చూశాడు. ఇక నవ్వుతాడని నేను చూస్తున్నాను. నవ్వలేదు.

"ఇది ఆయన సొంతంగా చేసిందేనా?"

"మా ఖర్మ కొద్దీ."

"ఇంత శుభ్రమైన పని నేను కంపెనీ బండ్లలో కూడా చూళ్ళేదండీ. దీనికేం జబ్బు లేదే." తలగోక్కుని ప్లగ్గు ఒకటి విప్పాడు. దాని మొన చూసి ఆగిపోయాడు. రెండోది విప్పాడు. మూడోది, నాలుగోది. నాలుగూ నా చేతిలో పెట్టాడు. "గ్యాపు చూడండి."

చూశాను. గ్యాపు లేదు. నాలుగు ప్లగ్గుల్లోనూ రెండు మొనలూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"వాటంతటవి మూసుకోవండీ ఇవి. ఎవరో సుత్తితో మెల్లగా కొట్టి మూశారు. ఇలా ఉంటే నిప్పురవ్వ దూకే చోటే ఉండదు, ఆరు నెలలు కాదు, అరవై ఏళ్ళు తిప్పినా ఇంజను లేవదు. తెరిచి పెట్టమంటారా? అయిదు నిమిషాల పని."

నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపు సందు కూడా కొలిచే మనిషి, గ్యాపు గ్యాపని మా ప్రాణం తీసే మనిషి, మా నాన్న కారుకు గ్యాపులు మూసి ఆరు నెలలుగా నాటకమాడుతున్నాడా? "వద్దు, మీరు వెళ్ళండి. ముందు ఆయనతో తేల్చుకోవాలి" అన్నాను. మెకానిక్కు వెళుతూ వెళుతూ, ఆ డబ్బాలాంటిది తనకూ ఒకటి చేసిపెడతాడేమో అడగమన్నాడు.

గేటు చప్పుడైంది. మావగారూ అల్లుడూ చేతులు పట్టుకుని లోపలికొస్తున్నారు. నాన్న గడ్డం నున్నగా మెరుస్తోంది. నేను ఎదురెళ్ళి, నాలుగు ప్లగ్గులూ అరచేతిలో పెట్టి వాళ్ళ మొహాల ముందు చాపాను.

"ఇదేంటి?" అని అరిచాను.

బావ మొహం పాలిపోయింది. వద్దు వద్దని తల అడ్డంగా ఊపాడు. ఇక నాన్న. నా చేయి ఆయన ముక్కుకు జానెడు దూరంలో ఉంది. ఆయన దాని వైపే చూస్తున్నాడు.

"ఏంటమ్మా అవి, వేరుశనక్కాయలా?" అన్నాడు.

నలభై ఏళ్ళు ఆ ప్లగ్గులతోనే బతికిన మనిషి. పట్టపగలు. జానెడు దూరం. పోస్టు డబ్బా గుర్తొచ్చింది. కోటు తొడిగిన బొమ్మ గుర్తొచ్చింది. బావ ఎవరి చెయ్యి ఎందుకు పట్టుకుని నడుస్తున్నాడో అప్పుడు తెలిసింది. నాకు చాలా సిగ్గేసింది, దానికంటే ఎక్కువ ఏడుపొచ్చింది. రెండూ మింగేశాను.

"ఏం లేదు నాన్నా. బావ చెత్త."

"చెత్తయితే ఇటివ్వు." నాన్న చెయ్యి చాపి ఒక ప్లగ్గు తీసుకున్నాడు. పట్టుకోగానే అదేమిటో ఆయన వేళ్ళకు తెలిసిపోయింది. బొటనవేలి గోటితో మొన తడిమాడు.

"మూసేశావా అల్లుడూ?"

"మామయ్యా, అదీ..."

"నాలుగూనా?"

"నాలుగూ."

"సుత్తితోనా?"

"చిన్న సుత్తే మామయ్యా."

నాన్న పకపకా నవ్వాడు. బావ బిత్తరపోయాడు. నేను ఇద్దర్నీ చూస్తూ నిలబడ్డాను.

"నాకు మొదటి ఆదివారమే తెలుసురా" అన్నాడు నాన్న. కోపమొచ్చినా ప్రేమొచ్చినా ఆయన బావను రా అంటాడు. "నీ డబ్బాలో స్పార్కు పుట్టిందంటే నా రేడియో గరగరమనాలి. ఆరోజు నువ్వు కొట్టండి మామయ్యా అన్నావు, నేను కొట్టాను. పాట ఎక్కడా తడబడలేదు. ఒక ప్లగ్గు పోయిందంటే నమ్ముతాను. నీ చేతిలో ఉన్న కారుకు నాలుగూ ఒకేసారి పోతాయా?"

"తెలిసి ఆరు నెలలు తాళం ఎందుకు తిప్పారు?"

"నువ్వంత శ్రద్ధగా చెడగొడుతుంటే, బాగుచెయ్యమని ఎలా అడిగేది?"

బావ నేల చూపులు చూశాడు. "పోస్టు డబ్బాను చూసి, మనిషనుకుని హారన్ కొట్టారు మామయ్యా. తప్పుకోడేమని తిట్టారు కూడా. ఇంక నడపొద్దని మీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. కళ్ళ డాక్టరు ఉన్న చూపును కాపాడుకుందామన్నారు గానీ, పోయింది తెస్తాననలేదు కదా. కారే నడవకపోతే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదనుకున్నా."

"నాకూ నోరు రాలేదు. కళ్ళు కనపడటం లేదనడం కంటే కారు కదలడం లేదనడం సుఖంగా ఉండింది" అన్నాడు నాన్న. "నా తప్పుకు వీధంతా నిన్ను నవ్వుతుంటే ఊరుకున్నాను. అది మాత్రం నేను చేసిన వెధవ పని."

"వీధి నన్ను కొత్తగా నవ్విందా ఏంటి!" అన్నాడు బావ. ఇద్దరూ మళ్ళీ నవ్వారు. అంటే వారానికోసారి ప్లగ్గులు కొనడానికని వెళ్ళింది కళ్ళ డాక్టరు దగ్గరికన్నమాట. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే దాన్ని, నాకెవరూ చెప్పలేదు. చెబితే నేను వీధి అదిరేలా ఏడ్చి, నాన్న పరువు తీసేదాన్నని ఇద్దరికీ తెలుసు.

నాన్న జేబులోంచి కారు తాళం తీసి చేత్తో గాలిలో వెతుకుతుంటే, నేను దగ్గరికెళ్ళాను. తాళం నా చేతిలో పెట్టాడు. "రేపు నువ్వు నడుపు. నేను పక్కన కూర్చుంటా. అల్లుడు నడిపితే మైదానం చేరేసరికి సంఘానికి నూరేళ్ళు నిండుతాయి."

ఆ మధ్యాహ్నం బావ ఉక్కు రేకుల గుత్తి తీసి నాలుగు గ్యాపులూ తెరిచాడు. ఒక్కోటి మూడుసార్లు కొలిచాడు. నేను తాళం తిప్పాను. ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. నాన్న ఒళ్ళో రేడియో గరగరమంది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, పాటకంటే అదే బాగున్నట్టు విన్నాడు. పది ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. మందుల షాపాయన రోడ్డు మీదకొచ్చి, "మళ్ళీ మొదలైందయ్యా!" అని అరిచాడు. తిడుతున్నాడో సంబరపడుతున్నాడో తెలియలేదు.

ఆదివారం ముందు మా కారు, వెనక ముప్ఫై తొమ్మిది. నాన్న తెల్ల యూనిఫారంలో నా పక్కన నిటారుగా కూర్చున్నాడు. మలుపు రాకముందే చెబుతున్నాడు. "ఇక్కడ పల్లం. రెండో గేరు. కుడివైపు సినిమా హాలు." ఆయనకు ఆ ఊరు కళ్ళతో పనిలేకుండా తెలుసు. జనం చేతులూపుతుంటే, నేను చెప్పిన వైపు తిరిగి ఆయనా ఊపుతున్నాడు.

వెనక సీట్లో అక్కా బావా. ప్లగ్గు పానా అక్క లాక్కుని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. బావ సీటు అంచున కూర్చున్నాడు. కాలు ఆడుతోంది. ఆ అదురు నా సీటుకు తెలుస్తోంది. స్టేషను దాటాం, సినిమా హాలు దాటాం, ఆయన ప్లగ్గు మాటెత్తలేదు. అద్దంలో చూస్తే నుదుటి మీద చెమట.

క్లినిక్కు ముందుకొచ్చేసరికి నాన్న చెయ్యెత్తాడు. "కారాపమ్మా."

"ఇక్కడా? వెనక ముప్ఫై తొమ్మిది కార్లున్నాయి నాన్నా!"

"మూడో సిలిండరు కొంచెం నసిగింది."

"నాకేం వినపడలేదే!"

"నాకూ వినపడలేదు" అన్నాడు నాన్న నెమ్మదిగా, నా ఒక్కదానికే వినపడేలా. "కానీ వాడు ఆరు నెలలు ఈ కారును బాగుచెయ్యకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒక్క నిమిషం చూసుకోనీ."

ఆపాను. అక్క నిట్టూర్చి బ్యాగులోంచి పానా తీసిచ్చింది. "ఒక్క నిమిషం..." అన్న మాట సీట్లో ఉండగానే బావ బానెట్టు దగ్గరున్నాడు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఆ తరువాత ఒక్కొక్క ముసలి డ్రైవరూ దిగి మా బానెట్టు చుట్టూ చేరారు. ఒకాయన కాయిల్ అన్నాడు, ఒకాయన పెట్రోలన్నాడు. బిస్కెట్టు డబ్బా చూసి, దీంట్లో ఇంకా బిస్కెట్లున్నాయా అని అడిగాడు ఇంకొకాయన.

బావ వేడి ప్లగ్గును గుడ్డలో చుట్టి, కిటికీలోంచి నాన్న చేతిలో పెట్టాడు. "బిస్కెట్టు రంగులో ఉంది మామయ్యా. గ్యాపు మీరు చూడండి."

నాన్న గోటితో తడిమాడు. అందరూ ఆగి చూస్తున్నారు.

"సరిగ్గా ఉంది" అన్నాడు.

ఇంతలో నా కిటికీ దగ్గరికి ఎవరో వంగారు. చూస్తే మా పళ్ళ డాక్టరుగారు. ఊరేగింపు చూడ్డానికొచ్చినట్టున్నారు. "మూడో సిలిండరేనా?" అని అడిగారు.

"అవునండీ" అన్నాను.

బానెట్టు వెనక నుంచి బావ తల పైకి లేచింది. "డాక్టరుగారూ! అత్తగారు వెళ్ళిపోయారా? కారెక్కడ పెట్టారు? ఒక్క నిమిషం..."

డాక్టరుగారు జనంలో కలిసిపోయారు.